రొట్టెల ఇంటి పని వేళలు

2023 ఆగస్టు 8, మంగళవారం. ఉదయం పదకొండు గంటల ఇరవై ఆరు నిమిషాలు. బళ్లారిలో మూడు రోజులుగా మబ్బు పట్టి ఉంది, కాని ఒక్క చినుకూ రాలలేదు. పడమటి గాలికి వీధిలోని ఎర్రదుమ్ము లేచి నా ఆఫీసు అద్దాల తలుపు మీద పొరలా పేరుకుంది. ఆ నిమిషంలో నా ఫోన్ మోగింది.

మాట్లాడినది నాగలక్ష్మి. సత్యనారాయణపేటలో ఇంటి దగ్గరే జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. తొమ్మిది నెలల కిందట ఆమె వ్యాపారాన్ని నెట్‌లో పెట్టినవాణ్ణి నేనే. ఎప్పుడూ గలగల మాట్లాడే మనిషి, ఆ రోజు గొంతు తగ్గించి మాట్లాడింది.

“సార్, ఇప్పుడే ఎవురో ఫోన్ చేసినాడు. ఎన్ని రొట్టెలు కావాలప్పా అంటే, రొట్టెలు వద్దు అన్నాడు. ‘ఈ వారం మీ ఆయనది ఫస్టు షిఫ్టు కదా, మూడు దాకా రాడు కదా’ అన్నాడు. నేను పెట్టేస్తి. మా ఇంటి షిఫ్టు వానికి యాడ తెలిసింది సార్?”

చూసి చెబుతానన్నాను. ఫోన్ పెట్టి ఆమె పేజీ తెరిచాను. ఆమె ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. రాసినది నేనే.

పని అంటే ఏది

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్నవారి కోసం దీన్ని రాస్తున్నాను. 2013 జూన్ నుంచి 2024 మార్చి వరకు, పదేళ్ల పది నెలల పాటు, చిన్న వ్యాపారాలను నెట్‌లో పెట్టడం నా జీవనం. అంతకు ముందు ఇరవై ఎనిమిదేళ్లు ఒక ప్రింటింగు ప్రెస్సులో ప్రూఫులు దిద్దాను.

కంప్యూటరు మీకు నాకంటే బాగా వచ్చు. దాని గురించి నేను చెప్పవలసినది లేదు. దాని ముందు నేను గడిపినది రోజుకు రెండు గంటలే. మిగిలిన కాలమంతా అంగళ్లలో, గల్లాపెట్టె పక్కన స్టూలు మీద గడిచింది. పేరు, చోటు, వేళ, ఫోన్ నంబరు, ఫోటో: ఈ ఐదింటినీ నిజంగా ఉన్నవి ఉన్నట్లు రాబట్టడమే పని. యజమాని నోటిమాట నమ్మరాదు. తొమ్మిదికి తెరుస్తామని చెప్పినవాడు పదిన్నరకు షట్టరు ఎత్తుతాడు. అందువల్ల నేను మూడు రోజులు ఎదుటి అరుగు మీద కూర్చొని, చూసిన వేళనే రాసేవాణ్ణి.

ఈ అలవాటు ప్రెస్సు యజమాని విరూపాక్షప్పగారి దగ్గర అబ్బింది. 1991లో ఒక పెళ్లికార్డులో ఏడు గంటల నలభై నిమిషాల ముహూర్తాన్ని తొమ్మిది నలభైగా వదిలేశాను. అప్పటికి రెండు వందల పద్దెనిమిది కార్డులు పంచేశారు. ఆయన నా చేతికి ఒక పెన్ను ఇచ్చి, ఇల్లిల్లూ తిరిగి దిద్దిరమ్మన్నాడు. “అంకె తప్పు అచ్చేస్తే అబద్ధం చెప్పినట్లే లెక్కప్పా” అన్నాడు. ఆరు రోజులు తిరిగాను. ఆయన మంచి యజమాని అని చెప్పను. ముగ్గురి పని ఇద్దరితో చేయించేవాడు. కాని తప్పు అంకె వల్ల వచ్చే కీడును ఆయన నాకు బాగా నేర్పాడు. సరైన అంకె వల్ల కూడా కీడు రావచ్చునన్న సంగతి ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

ఏడు మోటార్లు

2016 ఏప్రిల్‌లో, మోటారు వైండింగు చేసే ఖాదర్ అంగడిని మ్యాపులో పెట్టాను. స్వయంగా వెళ్లకుండా, ఆఫీసులో కూర్చొనే గుర్తు పెట్టాను. అది నలభై అడుగులు జరిగి, వెనక వీధిలో ఉన్న సుశీలమ్మ అనే రిటైర్డు టీచరుగారి ఇంటి మీద పడింది. ఆంధ్ర సరిహద్దుకు అవతలి పల్లెల నుంచి కాలిపోయిన బోరు మోటార్లను ఆటోల్లో తెచ్చిన రైతులు, అంగడి మూసి ఉన్నదనుకొని, వాటిని ఆమె వరండాలో దించి పోయారు. పదో రోజున ఆవిడ నా ఆఫీసుకు వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

“ఏమప్పా, మా వరండాలో ఏడు మోటార్లు ఉండాయి. నాకూ పొద్దు పోతా లేదు. ఆ వైండింగేందో నేర్పిస్తివంటే నేనే చేసి పంపిస్తా” అంది.

ఖాదర్ నవ్వాడు, రైతులు నవ్వారు. నేను నవ్వలేదు. ఆ తరువాత ఏ వ్యాపారాన్ని పెట్టినా ఆ గుమ్మం ముందు నిలబడి, మూడుసార్లు సరిచూసి గుర్తు పెట్టాను. నా గుర్తులు గుమ్మానికి సరిగ్గా ఎదురుగా పడతాయని ఊళ్లో పేరు వచ్చింది. ఆ పేరు విని నా దగ్గరికి వచ్చినవారిలో నాగలక్ష్మి ఒకతె.

రొట్టె తట్టే శబ్దం

ఆమె 2022 నవంబరు 9న వచ్చింది. వయసు ముప్పైనాలుగు. పెళ్లయిన కొత్తలో పొలం కూలికి వెళ్లేది. తరువాత రొట్టెల పని పట్టుకుంది. భర్త ఎర్రిస్వామి తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీలో ఒక కాంట్రాక్టరు కింద షిఫ్టు డ్యూటీ చేస్తాడు, కంపెనీ బస్సులో వెళ్లి వస్తాడు. ఇంట్లో మూడో మనిషి అత్తగారు హనుమక్క. ఆమెకు చెవులు సరిగా వినిపించవు. పిల్లలు లేరు. రెండు గదుల ఇల్లు.

అప్పటికి రోజుకు అరవై రొట్టెలు పోతున్నాయి, అన్నీ ఇరుగుపొరుగుకే. కుడతినిలో పవర్ ప్లాంటు పనివాళ్ల మెస్సులు ఉన్నాయి, వాళ్ల కంట పడాలని ఆమె కోరిక. దాని వెనక ఒక లెక్క ఉంది. మూడేళ్లుగా ఎర్రిస్వామికి నిద్ర సరిగా లేదు. ఒకసారి డ్యూటీలోనే కళ్లు తిరిగి పడ్డాడు. రోజుకు నూటయాభై రొట్టెలు పోతే ఆయన రాత్రి షిఫ్టు లేని పని చూసుకోవచ్చు. ఆమె నాకు అప్పగించినది ఆ నూటయాభై.

పేరు, చోటు, నంబరు, ఫోటో అయిపోయాయి. పని వేళలు ఏమని రాయమంటావని అడిగాను.

“అది చెప్పేకి కాదు సార్. మా ఆయన పండుకున్నప్పుడు తట్టేకి కాదు. రొట్టె తడితే గోడ అదురుతాది. ఆయన లేసిపోయినాకే నా పని.”

వెళ్లి చూశాను. ఒక రొట్టెకు పలక మీద అరచేతి దెబ్బలు నలభైకి తగ్గవు. ఒకదానికి నలభైనాలుగు లెక్కపెట్టాను. అరవై రొట్టెలకు ఎన్నవుతాయో, పక్క గదిలో రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మనిషికి ఎలా ఉంటుందో మీరే ఊహించండి. అందుకని ఆమె పని గంటలు ఆయన షిఫ్టును బట్టి వారానికొకసారి మారేవి. ఫస్టు షిఫ్టు వారం ఉదయం ఏడు నుంచి రెండు. సెకండు షిఫ్టు వారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఏడు. నైటు షిఫ్టు వారం, ఆయన పగలంతా నిద్రపోయి లేచిన తరువాత, సాయంత్రం నాలుగు నుంచి ఏడు.

వేరే ఎవరైనా ‘ఫోన్ చేసి రండి’ అని రాసి ఊరుకునేవారు. నేను ఊరుకోలేదు. కంపెనీ షిఫ్టు చార్టు తెప్పించుకొని, పన్నెండు వారాల పట్టిక తయారుచేసి, ఏ రోజుకు ఆ రోజు వేళలు పేజీలో ఎక్కించాను. పన్నెండు వారాలు కాగానే మరో పన్నెండు. ఇంత కచ్చితమైన పేజీ బళ్లారిలో మరొకటి లేదని నాలో నేను అనుకున్నాను.

2023 జూన్ 12న ఆ పేజీలో పేరు లేని ఒక ఖాతా నుంచి ప్రశ్న వచ్చింది: మీ టైమింగులు వారం వారం ఎందుకు మారుతున్నాయి? ప్రశ్నకు జవాబు ఇవ్వకపోవడం వ్యాపారానికి మంచిది కాదని నేను అందరికీ చెప్పేవాణ్ణి. ఆమె తరఫున నేనే జవాబు రాశాను: ‘ఇంటి యజమానికి తోరణగల్లులో షిఫ్టు డ్యూటీ. ఆయన నిద్రకు భంగం కలగకుండా, నిద్రపోయే వేళల్లో రొట్టెలు తట్టము.’

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. జులై నాటికి రోజుకు నూటడెబ్బై రొట్టెలు పోతున్నాయి.

తొమ్మిది రోజులు

ఆగస్టు 8న ఆ పేజీని మొదటిసారి పరాయివాడిగా చదివాను. ఒక కాగితం మీద ఎడమవైపు పని వేళలు, కుడివైపు ఎర్రిస్వామి ఇంట్లో లేని వేళలు రాశాను. మూడు వారాలలో రెండు వారాలు రెండు వరుసలూ ఒక్కటే. ‘తెరిచి ఉంది’ అని ఉన్న చోటల్లా ‘ఇంట్లో మగమనిషి లేడు’ అని చదువుకోవచ్చు. పక్కనే నేను మూడుసార్లు సరిచూసి పెట్టిన గుమ్మం. పైన పొయ్యి ముందు కూర్చొని నవ్వుతున్న నాగలక్ష్మి ఫోటో. కింద ఆమె సొంత ఫోన్ నంబరు.

పదకొండు నలభైరెండుకు వేళలనూ జవాబునూ ఫోటోనూ తీసివేశాను. పన్నెండున్నరకు వాళ్లింటికి వెళ్లాను. నేను చేసినది ఇది అని ఉన్నదున్నట్లు చెప్పాను. ఆమె కోప్పడలేదు. తన ఫోన్ తీసి నా ముందు పెట్టింది. ఎత్తితే మాట్లాడకుండా పెట్టేసే ఫోన్లు కొన్నాళ్లుగా వస్తున్నాయట; పిల్లకాయలనుకొని ఊరుకుందట. అదే నంబరు. తేదీలు రాసుకున్నాను. జులై 17 నుంచి పదకొండు ఫోన్లు. జులై 31 నుంచి ఆగస్టు 6 వరకు, ఎర్రిస్వామి నైటు షిఫ్టు చేసి పగలు ఇంట్లో ఉన్న వారంలో, ఒక్కటీ లేదు.

ఈ సంగతి ఎర్రిస్వామికి చెప్పి, పోలీసు స్టేషనుకు వెళదామన్నాను.

“వద్దు సార్. చెప్తే మానిపిస్తాడు. నూటడెబ్బై అయినాయి సార్, ఇంక కొన్నాళ్లే. మీరు తీసేస్తిరి కదా, ఆయ్తు, అయిపోయె, వాడే పోతాడు.”

నేను ఒప్పుకున్నాను. ఇది నా రెండో తప్పు. మొదటిది తెలియక చేసినది. ఇది తెలిసి చేసినది. భర్తకు తెలిస్తే నా తప్పు కూడా బయటపడుతుందన్న భయం నా ఒప్పుకోలులో ఎంత పాలు ఉందో నేను కొలవలేను. కొంత ఉంది.

ఆ రోజు నుంచి రోజూ రెండుసార్లు ఆమెకు ఫోన్ చేశాను. 9న ఒక ఫోన్, 11న ఒకటి. 14, సోమవారం, ఎర్రిస్వామి సెకండు షిఫ్టుకు మారాడు. ఆ మధ్యాహ్నం రెండు నలభైకి మళ్లీ మోగింది: “ఈ వారం రాత్రి పదకొండు దాకా రాడు.” నేను వేళలు తీసివేసి అప్పటికి ఆరు రోజులు. మూడు వారాల వరస ఒకసారి తెలిసినవాడికి నా పట్టికతో ఇక పని లేదు. ఆ సంగతి నాకు ఆ సోమవారం అర్థమైంది. రాసినదాన్ని తీసివేయవచ్చు; చదివినవాడి తలలో నుంచి తీయడం ఎవరి చేతా కాదు.

ఆగస్టు 17

గురువారం. మధ్యాహ్నం మూడు యాభైకి నాగలక్ష్మి ఫోన్ చేసి, ఇంటి ముందు బండి ఆగిందని మాత్రం చెప్పింది. గొళ్లెం పెట్టుకొమ్మన్నాను. నా స్కూటరు మీద అక్కడికి పన్నెండు నిమిషాలు. ఆ పన్నెండు నిమిషాలలో నేను ఏమి తలచుకున్నానో రాయను.

వెళ్లేసరికి బండి లేదు. హనుమక్క గడప మీద కాళ్లు చాపుకొని కూర్చొని ఉంది, ఒళ్లో రోకలి. నాగలక్ష్మి లోపల గొళ్లెం పెట్టుకొని, నా గొంతు రెండుసార్లు విన్న తరువాత తలుపు తీసింది. చేతులకు పిండి ఆరిపోయి ఉంది.

ముసలామె చెప్పినది ఇది. బండి ఎదుటి గోడ నీడలో చాలాసేపు ఆగింది. తరువాత ఆ మనిషి దిగి, హెల్మెటు తియ్యకుండానే గడప దాకా వచ్చాడు.

“రొట్టె కొనేవాడు హెల్మెటు తియ్యడా అప్పా? దాంట్లోనించి ఎట్ల తింటాడు? అప్పుడే అనుకుంటి, ఈనికి రొట్టె బేకాగిల్ల, అక్కర్లేదు అని.” వాడు వంగి, కోడలు ఒక్కతే ఉందా అని అడిగాడట. “నాకు చెవుడు ఉండాది గానీ, ఆ మాట ఇనబడె. నా కొడుకులు నలుగురూ లోపల పండుకున్నారు, లేపమంటావా అంటి.”

ఆమెకు ఉన్నది ఒక్క కొడుకు. ఆ జవాబుకు నాకు నవ్వు రాబోయింది. కాని ఆమె నవ్వడం లేదు.

“వాడు ఏమన్నాడు తెలుసా? ‘పండుకుంటే రొట్టె తట్టరు కదవ్వా’ అన్నాడు.”

నాగలక్ష్మి గొళ్లెం పెట్టుకునేదాకా లోపల రొట్టె తట్టిన శబ్దం వాడు ఎదుటి గోడ నీడ నుంచి విన్నాడు. వాడు అన్నది నా వాక్యం. జూన్ 12న నేను రాసిన జవాబు, ఒక ముసలామె ముఖానికి, హెల్మెటు లోపలి నుంచి.

ఆ మాటకు ఆమె రోకలి ఎత్తి పట్టుకొని, వీధి వీధంతా వినపడేలా లేని కొడుకులను పేరుపేరునా పిలవడం మొదలుపెట్టిందట. రెండిళ్ల తలుపులు తెరుచుకున్నాయి. వాడు వెళ్లిపోయాడు. బండి నంబరు ఎవరూ చూడలేదు.

ఎర్రిస్వామి అడిగినది

మరునాడు, శుక్రవారం ఉదయం తొమ్మిదికి, ఆయన నిద్ర లేచిన తరువాత వెళ్లి అంతా చెప్పాను. తేదీలతో చెప్పాను, నా కాగితాలన్నీ ముందు పెట్టాను. నాగలక్ష్మి వంటగది గుమ్మంలో నిలబడింది. ఆమెకు భయం ఆ హెల్మెటు మనిషి గురించి కాదు. భర్త నోట రాబోయే మాట గురించి.

ఎర్రిస్వామి కాగితాలు చూడలేదు. “సార్, నేను యా పొద్దు పండుకుంటానో ఊరికంతా ఎందుకు చెప్తిరి?” అన్నాడు.

అది నిజం కనుక రాశాను అని చెప్పవలసి ఉంటుంది. ఆ మాట పైకి అనలేకపోయాను.

తరువాత ఆయన భార్య వైపు తిరిగాడు. మానెయ్యమంటాడని ఆమె, నేను, ఇద్దరమూ ఎదురుచూశాము.

“దినామూ ఏడుకు మొదలుపెట్టు, పన్నెండుకు నిలుపు. నేను ఉన్నా లేకున్నా. పండుకున్నా తట్టు.”

“గోడ అదురుతాది. నీకు నిద్ర పట్టదు.”

“పట్టకుంటే లేసి పిండి కలుపుతా.”

పని వేళలు ప్రతి రోజూ ఒకటే అయితే, ఆయన ఎప్పుడు ఉంటాడో ఎప్పుడు ఉండడో బయటివాడికి చెప్పే శబ్దం ఉండదు. అంత తేలిక ఉపాయం నాకు తొమ్మిది నెలల్లో తట్టలేదు. దానికి ఆయన ఖర్చుపెట్టినది తన నిద్ర. ఏ నిద్ర కోసం ఆమె ఈ పని మొదలుపెట్టిందో ఆ నిద్ర.

ఆ రోజే ముగ్గురమూ స్టేషనుకు వెళ్లాము. ఆ నంబరు అప్పటికే మూగబోయింది. పోలీసులు వెతికితే, అది వేరే తాలూకాలో ఒక పెద్దావిడ పేరు మీద ఉంది; తన పేరు మీద అలాంటి సిమ్ము ఉన్నదని ఆవిడకే తెలియదు. ఆ మనిషి ఎవరో ఈ నాటికీ తేలలేదు.

మిగిలినవి

మీరు ఈ పనిలో తొందరగా పైకి వస్తారు, నాకు సందేహం లేదు. ఒక్క అలవాటు చేసుకోండి. పేజీ పూర్తయిన తరువాత యజమానిగా ఒకసారి, కొనేవాడిగా ఒకసారి చదువుతారు కదా. మూడోసారి, ఆ ఇంటికి కీడు తలపెట్టినవాడిగా చదవండి. ఆ చదువు అసహ్యంగా ఉంటుంది. అయినా చదవండి. ఇంటి నుంచి చేసే వ్యాపారానికి గుమ్మం మీద గుర్తు పెట్టకండి, వీధి మొదట్లో పెట్టండి. సొంత నంబరు ఇవ్వకండి, వ్యాపారానికి వేరే సిమ్ము కొనిపించండి. ఇంట్లో ఎవరు ఎప్పుడు ఉంటారన్నది ఎవరు ఎంత మర్యాదగా అడిగినా జవాబు రాయకండి.

నేను నా రిజిస్టరు తిరగేశాను. ఆ పదేళ్లలో ఇళ్ల నుంచి నడిచేవి అరవై ఒక్క వ్యాపారాలు పెట్టాను. కుట్టుపని, ట్యూషన్లు, పచ్చళ్లు, బ్యూటీ పార్లర్లు. వాటిలో ముప్పైఎనిమిదింటి వేళలు చదివితే ఇంట్లో మనుషుల రాకపోకలు తెలిసిపోతున్నాయి. ప్రతి ఇంటికీ వెళ్లి, ఎందుకు మారుస్తున్నానో చెప్పి, మార్చాను. కొందరు నన్ను చాదస్తుడన్నారు. ఆ ఆగస్టులోనే మూసేద్దామనుకున్న ఆఫీసును మూయడానికి నాకు ఏడు నెలలు ఎక్కువ పట్టింది అందుకే.

నాగలక్ష్మి ఇప్పటికీ రొట్టెలు చేస్తున్నది. రోజూ ఏడు నుంచి పన్నెండు. నెట్‌లో కొత్త నంబరు, వీధి మొదట్లో గుర్తు, ఫోటోలో రొట్టెలు మాత్రమే. రాత్రి షిఫ్టు లేని పని ఎర్రిస్వామికి ఇంకా దొరకలేదు. ఆ నైటు షిఫ్టు వారాల్లో ఆయన ఎన్ని గంటలు నిద్రపోతున్నాడని నేను అడగలేదు. నేను అడగకుండా వదిలిన అంకె నా జీవితంలో అదొక్కటే.

ఇక పాత పేజీ. నేను తీసివేసినది నా చేతిలో ఉన్న ఒక్క చోట. ఇలాంటి పేజీలను తమంతట తామే కాపీ చేసుకొని పెట్టుకునే సైట్లు ఉంటాయి. ఆమె పాత నంబరు, గుమ్మం గుర్తు, షిఫ్టు వేళలు అలా ఎన్ని చోట్ల చేరాయో వెతుక్కుంటూ పోయాను. అడగడానికి చిరునామా ఉన్నచోట ఉత్తరం రాశాను, లేనిచోట ఫారాలు నింపాను, ఒక్కో చోటుకు ఐదారుసార్లు. మొత్తం ఇరవైమూడు చోట్లు దొరికాయి. పందొమ్మిది పోయాయి. నాలుగు ఉన్నాయి.